మారుత్‌కి ఇంజిన్ దొరకలేదు, మారుతికి దొరికింది

#1 గాలికొడుకు (సికింద్రాబాద్)

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పిన దగ్గర్నుంచి ఇక్కడ దాని మీద మూడు థ్రెడ్లు నడుస్తున్నాయి. 62 ఏళ్లు చాకిరీ చేసిన విమానం, ఆ మర్యాద దానికి దక్కాల్సిందే. నాకు మాత్రం ఎవరూ తలుచుకోని ఇంకో విమానం గుర్తొస్తోంది. హెచ్‌ఎఫ్-24 మారుత్. మన గడ్డ మీదే గీసి, మన గడ్డ మీదే కట్టిన మొదటి జెట్ ఫైటర్.

ఒకసారి దాని ఫోటో వెతికి చూడండి. సూదిలాంటి ముక్కు, నడుం దగ్గర సన్నబడ్డ ఒళ్లు, వెనక్కి వాలిన రెక్కలు. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరిందంటే నమ్మబుద్ధి కాదు. గీసినాయన కుర్ట్ టాంక్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎగరేసిన ఫోకె వుల్ఫ్-190 ఆయనదే. 1956లో బెంగళూరు వచ్చి, మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌లో దీని పని పట్టాడు. ధ్వనికి రెట్టింపు వేగంతో పోవాలని లక్ష్యం. అందుకు బ్రిటన్ వాళ్ల ఆర్ఫియస్ ఇంజిన్‌లో ఒక పెద్ద రకం రావాలి, ఒక్కొక్కటి 8,000 పౌండ్ల పైచిలుకు థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు తోసే బలం, ఇచ్చేది. అలాంటివి రెండు పెట్టాలని లెక్క. దాన్ని పూర్తి చెయ్యడానికి డబ్బు మీరు పెట్టండి అన్నారు వాళ్లు, మనం పెట్టలేదు. ఆ ఇంజిన్ రానే లేదు. చివరికి చేతిలో ఉన్న ఆర్ఫియస్ 703తో సరిపెట్టారు. దాని థ్రస్ట్ 4,850 పౌండ్లు. రెట్టింపు సంగతి దేవుడెరుగు, ధ్వని వేగం గడప దగ్గరే ఆగిపోయింది. 147 కట్టారు, తర్వాత కథ ముగిసింది.

ఇప్పుడు రోడ్డు మీదికి రండి. 1984లో కాంటెస్సా వచ్చింది. ఇంగ్లండ్ వాక్స్‌హాల్ ఒళ్లు, పొడుగాటి బానెట్, సినిమాలో విలన్ దిగాల్సిన కారు. బానెట్ ఎత్తితే లోపల అంబాసిడర్‌లో ఉన్న అదే 1489 సీసీ ఇంజిన్, 50 హార్స్‌పవర్. ఏనుగు అంబారీ తెచ్చి మేకపోతు మీద పెట్టినట్టు. మరుసటి ఏడాది వచ్చిన స్టాండర్డ్ 2000 ఇంకా ఘోరం. రోవర్ ఎస్‌డీ1 ఒళ్లు అది, 1977లో యూరప్ మేటి కారుగా ఎంపికైంది. అక్కడ దాంట్లో 3.5 లీటర్ల వి8 కూడా దొరికేది. మద్రాసులో మనవాళ్లు 1940ల నాటి వాన్‌గార్డ్ ఇంజిన్‌కి మెరుగులు దిద్ది అందులో కూర్చోబెట్టారు. మూడేళ్లలో దుకాణం కట్టేశారు.

మారుత్ అంటే గాలి. మారుతి అంటే ఆ గాలి కొడుకు, ఆంజనేయుడు. తండ్రికి ఇంజిన్ దొరకలేదు, కొడుక్కి జపాన్‌లో దొరికింది. అంతే తేడా. ఒళ్లు ఎవరైనా చెక్కుతారు, ఇంజిన్ లేనిదే బండి లేదు. ఒప్పుకోని వాళ్లు రండి, మాట్లాడుకుందాం.

#2 మోడరేటర్

థ్రెడ్ బాగుంది. నీ పేరు మార్చుకోమని మాత్రం రెండేళ్లుగా చెబుతున్నా. కొత్త సభ్యులు తిట్టు అనుకుని రిపోర్ట్ కొడుతున్నారు.

#3 గాలికొడుకు (సికింద్రాబాద్)

ఆంజనేయుణ్ణి రిపోర్ట్ కొట్టిన వాళ్ల పాపం వాళ్లదే.

#4 ఆరెక్స్_వంద (వరంగల్)

అన్నా, నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బక్క ఒళ్లు. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఇప్పటికీ హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ పడితే అందరికంటే ముందు లేస్తది. దాని అందం గురించి ఎవడూ మాట్లాడడు, ఇంజిన్ గురించే మాట్లాడతాడు.

నీ లిస్టులో ఒకటి మిస్సయ్యావు. జాగ్వార్. కారు కాదు, విమానం. 1979 నుంచి మన దగ్గరుంది, మనవాళ్లు పెట్టుకున్న పేరు షంషేర్. దాని మీద ఓ పాత జోకుంది: భూమి గుండ్రంగా ఉంది కాబట్టే జాగ్వార్ లేస్తది, బల్లపరుపుగా ఉంటే రన్‌వే మీద అట్లనే ఉరుక్కుంట పోయేది అని. బ్రిటన్, ఫ్రాన్స్, ఒమన్ అందరూ పక్కన పెట్టేశారు, ఇంకా ఎగరేస్తున్నది మనమే. కొత్త ఇంజిన్లు వేద్దామని ఏండ్లకేండ్లు మాట్లాడి 2019లో ఆ ముచ్చట వదిలేశారు.

కార్ల జాగ్వార్‌నేమో 2008లో టాటా కొనేసింది. అంటే రెండు జాగ్వార్లూ మన ఇంటి కోడళ్లే.

#5 సురంజన్_రోడ్ (బెంగళూరు)

నా పేరు చూసి చాలామంది సురంజన్ ఎవరు, మీ నాన్నగారా అని అడుగుతారు. బెంగళూరులో ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది, హెచ్‌ఏఎల్ దగ్గర సురంజన్‌దాస్ రోడ్డు. రోజూ పొద్దున్నా సాయంత్రం అక్కడ ఇరుక్కుంటాను. మొదట్లో అందరిలాగే పేరు పట్టించుకోలేదు. ఒకరోజు సిగ్నల్ దగ్గర విసుగొచ్చి ఫోన్లో వెతికాను.

1961లో మారుత్‌ని మొదటిసారి గాల్లోకి లేపింది ఆయనే. టెస్ట్ పైలట్. గాలికొడుకు గారు కథ 703తో ముగించేశారు గానీ, మనవాళ్లు అంత తేలిగ్గా వదల్లేదు. ఉన్న ఇంజిన్‌కే వెనకాల రీహీట్ పెట్టి చూశారు. అంటే మండి బయటికొచ్చే వేడి గాలిలో ఇంకొంచెం ఇంధనం చిమ్మి మళ్లీ మండించి అదనపు థ్రస్ట్ రాబట్టడం. ఆ రకం విమానాన్ని పరీక్షిస్తూనే 1970 జనవరి 10న గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ ప్రమాదంలో చనిపోయారు.

అప్పట్నుంచి ఆ రోడ్డు మీద హారన్ కొట్టడం తగ్గించాను. ట్రాఫిక్ తగ్గిందని కాదు.

#6 ఆటోనగర్_అన్న (విజయవాడ)

విమానాల సంగతి నాకు పెద్దగా తెలియదు, మా అబ్బాయి చూపిస్తే చదివాను. ఇంజిన్ సరిపోకపోతే ఇంతమంది ఏడవడం మాత్రం నాకు కొత్త. 90ల్లో మా షెడ్డులో ఇదే పని కదా. అంబాసిడర్ ట్యాక్సీ వస్తుంది, పెట్రోల్ ఖర్చు భరించలేకపోతున్నాను అంటాడు ఓనర్. ఆ ఇంజిన్ దించి మెటడార్ డీజిల్ ఇంజిన్ ఎక్కించేవాళ్లం. మౌంటింగులు కోసి వెల్డింగ్ కొట్టాలి. గేర్‌బాక్స్ కుదరదు, దానికి పట్టీ చేయించాలి. రేడియేటర్ పెద్దది వెయ్యాలి. ముందు బరువు పెరుగుతుంది కాబట్టి సస్పెన్షన్ గట్టి చెయ్యాలి, లేకపోతే బండి నేల చూస్తూ పోతుంది. మూడు రోజుల పని. శబ్దం ట్రాక్టర్‌లా ఉండేది, కానీ ఏలూరు వెళ్లొచ్చేసరికి ఓనర్ మొహంలో నవ్వు.

కాంటెస్సాకి కంపెనీ వాళ్లే తర్వాత 1.8 ఇసుజు వేశారు, 5 గేర్లు ఇచ్చారు. అప్పుడు బండి బండయింది. మీ విమానానికీ ఒక ఆటోనగర్ ఉండాల్సింది.

#7 గాలికొడుకు (సికింద్రాబాద్)

అన్నా, మారుత్‌కీ ఒక ఆటోనగర్ ఉంది. ఎక్కడో తెలుసా? ఈజిప్టులో.

తమాషా కాదు. ఆ రోజుల్లో నాసర్ ప్రభుత్వం హెల్వాన్‌లో సొంత ఫైటర్ చేయించుకుంటోంది, హెచ్‌ఏ-300. దాని డిజైనర్ కూడా జర్మనే, మెసర్‌ష్మిట్. మన దగ్గర ఒళ్లుంది ఇంజిన్ లేదు, వాళ్లేమో ఈ-300 అని సొంత ఇంజిన్ చేస్తున్నారు. ఒక మారుత్‌ని అక్కడికి పంపితే, దాంట్లో ఒక పక్క ఆర్ఫియస్, ఇంకో పక్క ఈ-300 పెట్టి ఎగరేసి చూశారు. యుద్ధకాలపు ఇద్దరు జర్మన్ పోటీదారుల్లో ఒకరు గీసిన ఒళ్లు, ఇంకొకరి విమానం కోసం చేసిన ఇంజిన్ చివరికి ఎడారిలో ఒకే విమానంలో కలిశాయి. 1969లో ఈజిప్టు వాళ్ల ప్రాజెక్టే ఆగిపోయింది. మన విమానం మళ్లీ మొదటికొచ్చింది.

మీరు మూడు రోజుల్లో చేసే పని విమానానికి కుదరకపోవడానికి కారణం కూడా మీ పోస్టులోనే ఉంది. ముందు బరువు పెరిగితే మీరు సస్పెన్షన్ గట్టి చేస్తారు. విమానంలో బరువు కాస్త అటూ ఇటూ జరిగితే మొత్తం తూకమే పోతుంది. పైగా ఇంజిన్ లావు పెరిగితే ఒళ్లు లావెక్కాలి, ఎక్కువ గాలి కావాలంటే పక్కనున్న గాలి నోళ్లు పెద్దవి చెయ్యాలి, అవి పెద్దవైతే గాలి ఒరిపిడి పెరుగుతుంది. ఒకటి ముట్టుకుంటే పది కదులుతాయి.

#8 నోవై_నుంచి (మిషిగన్)

ఇక్కడ డెట్రాయిట్ పక్కన ఉద్యోగం, ఎటు చూసినా కార్ల వాళ్లే, సగం మంది మనవాళ్లే. మీ లిస్టుకి అమెరికా నుంచి రెండు.

ఒకటి డెలోరియన్. స్టీల్ ఒళ్లు, రంగు వెయ్యరు, తలుపులు గద్ద రెక్కల్లా పైకి లేస్తాయి, గీసింది ఇటలీ జుజారో. ఇంజిన్ మాత్రం ఫ్రాన్స్ నుంచి తెచ్చిన వి6, 130 హార్స్‌పవర్. స్పోర్ట్స్ కారని చెప్పుకునే దానికి అదేం సరిపోతుంది? 1981లో మొదలుపెట్టి 82 చివరికల్లా ఆగిపోయింది, దాదాపు 9,000 కార్లు. మొన్న ఇక్కడి ఒక కార్ల మేళాలో దగ్గర్నుంచి చూశాను. ఓనర్ తలుపు పైకెత్తి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నాడు. ఒక్కరు కూడా బానెట్ ఎత్తమనలేదు. ఇంజిన్ వెనకాల ఉంటుందని వాళ్లకి తెలియదు కూడా.

రెండు, ఎఫ్-14 టామ్‌క్యాట్. అందరి గోడల మీదా పోస్టరుగా ఉన్న విమానం. దాని మొదటి రకంలో పెట్టిన టీఎఫ్30 ఇంజిన్ తాత్కాలికం, అసలు ఇంజిన్ తర్వాత వస్తుంది అనుకున్నారు. ఆ అసలు ఇంజిన్ రద్దయింది. పైలట్ గబుక్కున థ్రాటిల్ కదిపితే ఇంజిన్‌లో గాలి తడబడి ఆగేది. 80ల్లో ఎఫ్110 అనే ఇంజిన్ వచ్చాకే అది మనిషయింది. అమెరికా నేవీ అంత డబ్బున్న వాళ్లకే తాత్కాలికం పదేళ్లు దాటి సాగింది. మారుత్‌ని ఒక్కదాన్నే ఆడిపోసుకోకండి.

#9 కొత్త_లైసెన్స్ (గుంటూరు)

అందరికీ నమస్కారం. థ్రెడ్‌కి సంబంధం లేదు, క్షమించాలి. 3 లక్షల లోపు సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కావాలి. ఒకటి ఒంగోల్లో చూశాను, ఒకటి చీరాల్లో. దేన్ని చూసి కొనాలి, ఇంజినా, బాడీనా?

#10 మోడరేటర్

కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది తమ్ముడూ. అయినా ప్రశ్న సరిగ్గా ఈ థ్రెడ్‌లోనే అడిగావు కాబట్టి ఉంచుతున్నా.

#11 ఇంజిన్_ఫిట్టర్_రిటైర్డ్ (బాపట్ల)

ఈ థ్రెడ్ నిన్న రాత్రి మొత్తం చదివాను. వయసు రీత్యా టైపింగ్ నెమ్మది, అందుకే ఆలస్యం.

నేను వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేశాను. 1974 నుంచి ఆరేళ్లు జోధ్‌పూర్‌లో మారుత్ స్క్వాడ్రన్‌లో ఉన్నాను. గాలికొడుకు గారూ, మీరు రాసిన లెక్కలు తప్పు కాదు. కానీ మీ రాతలో మారుత్ ఒక జాలి కథలా వినిపిస్తోంది. మాకు అలా ఉండేది కాదు.

మొదటి సంగతి, ఆర్ఫియస్ చెడ్డ ఇంజిన్ కాదు. చిన్నది, తేలిక, పెద్దగా పేచీ పెట్టదు. జోధ్‌పూర్ ఎండలో మధ్యాహ్నం విమానం రేకు ముట్టుకుంటే చెయ్యి కాలేది. అందుకని మా పని తెల్లవారుజామున నాలుగింటికే మొదలయ్యేది. ఆ చీకట్లో టార్చి పెట్టుకుని బ్లేడ్లు ఒక్కొక్కటే వేలితో తడిమి చూసేవాళ్లం, పిట్టో రాయో తగిలి ఎక్కడైనా నొక్కు పడిందేమోనని. ఇప్పటికీ ఇంట్లో ఫ్యాన్ తుడుస్తుంటే నా వేలు రెక్క అంచు మీదికే పోతుంది. మా ఆవిడ నవ్వుతుంది.

రెండో సంగతి, నేల మీద నుంచి చూస్తే తెలియనిది. మారుత్ తక్కువ ఎత్తులో అద్భుతంగా నిలకడగా పోయేదని పైలట్లు చెప్పేవారు. ఇసుక దిబ్బల మీద, చెట్టంత ఎత్తులో, వేగంగా పోతున్నప్పుడు కూడా కుదుపు ఉండదట. 1971 యుద్ధంలో అది చేసింది ఆ పనే, సరిహద్దు దాటి నేల మీద లక్ష్యాలని కొట్టడం. రెండు ఇంజిన్లు ఉండడం వల్ల, ఒకటి దెబ్బతిన్నా రెండోదాని మీద ఇంటికొచ్చినవి ఉన్నాయి. నేను చేరేసరికి ఆ యుద్ధం చూసిన సీనియర్లు ఇంకా స్క్వాడ్రన్‌లోనే ఉండేవారు. వాళ్ల నోట ఎప్పుడూ 'పాపం మారుత్' అన్న మాట వినలేదు. మిగ్ వాళ్లు మెస్‌లో మా విమానాన్ని వేళాకోళం చేస్తే గొడవకి దిగేవారు కూడా.

మూడోది. దాన్ని ధ్వనికి రెట్టింపు వేగం అనే కొలబద్దతో కొలిస్తే ఓడిపోయింది. చేసిన పనితో కొలిస్తే ఓడిపోలేదు. ఆ కొలబద్ద కాగితం మీద రాసినవాళ్లది, విమానానిది కాదు.

#12 ఆరెక్స్_వంద (వరంగల్)

సార్ పోస్టు చదివి రాత్రి కూర్చుని ఒక లెక్క వేశా. నా నోరు నేనే మూసుకోవాల్సొచ్చింది.

నాట్ విమానం అందరికీ తెలుసు కదా. 1965లో పాకిస్తాన్ సేబర్ జెట్లని కూల్చి 'సేబర్ స్లేయర్' అని పేరు తెచ్చుకున్నది. దాంట్లో ఉన్నది కూడా ఆర్ఫియసే! ఒకటే ఇంజిన్, 4,700 పౌండ్లు, అంటే సుమారు 2,130 కిలోల థ్రస్ట్. ఇంధనం, గుండ్లు నింపిన విమానం బరువు సుమారు 4,100 కిలోలు. అంటే బరువులో సగానికి కొంచెం పైన.

మారుత్‌కి రెండు కలిపి 4,400 కిలోల థ్రస్ట్, నింపిన విమానం సుమారు 8,950 కిలోలు. అది కూడా సగం దగ్గరే!

అంటే దమ్ము ఇద్దరిదీ ఒకటే. ఒకరినేమో హీరో అన్నం, ఇంకొకరిని ఇంజిన్ లేనోడు అన్నం. నాట్‌ని ఎవడూ ధ్వనికి రెట్టింపు పొమ్మని అడగలే. గంతే.

#13 గాలికొడుకు (సికింద్రాబాద్)

ఫిట్టర్ గారూ, నమస్కారం. మీలాంటి వారు ఇక్కడ ఉన్నారని తెలిస్తే మొదటి పోస్టు ఇంకొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసేవాణ్ణి. 'జాలి కథ' అన్న మాట తగిలింది. నిజమే.

ఆరెక్స్, నీ లెక్క సరైందే, కానీ సగమే చెప్పావు. నాట్ గుప్పెడంత విమానం. ఎదుటివాడి కంటికి ఆనదు, గిర్రున తిరుగుతుంది. అదే దాని ఆయుధం. మారుత్ దానికి రెట్టింపు. అంత ఒళ్లేసుకుని నాట్ లాగా దాక్కోలేదు, మిగ్ లాగా పరిగెత్తలేదు. అనుకున్న ఇంజిన్లు వచ్చి ఉంటే థ్రస్ట్ బరువులో 80 శాతం దాటేది. 60ల్లో అది చిన్న సంగతి కాదు. కాబట్టి నేను సగం దిగుతా, మొత్తం దిగను.

కార్లలో నీ నాట్ ఏదో చెప్పనా? మారుతి 800. 796 సీసీ, 40కి అటూ ఇటూగా హార్స్‌పవర్, బరువు 650 కిలోలు. టన్నుకి 60 హార్స్‌పవర్ పడుతుంది. టన్ను దాటిన కాంటెస్సాకి 50 హార్స్‌పవరే. అందుకే చిన్నది ఘాట్ రోడ్డు మీద ఉరికేది, పెద్దది ఆయాసపడేది.

ఇంకో చిత్రం. శ్రీనగర్ మీద ఒంటరిగా పోరాడి పరమవీర చక్ర పొందిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నాట్‌లో నేలకొరిగింది 1971 డిసెంబర్ 14న. మారుతి 800 మొదటి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చింది 1983 డిసెంబర్ 14న. కాకతాళీయమే. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

#14 బీచ్‌రోడ్ (విశాఖపట్నం)

అందరూ ఇంజిన్ లేని వాళ్ల కథలే చెబుతున్నారు. ఇంజిన్ ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే మా ఊరు రండి. ఆర్కే బీచ్ రోడ్డు పక్కనే నేవీ విమానం టీయూ-142 నిలబెట్టారు. అటు కురుసుర జలాంతర్గామి, ఇటు ఇది. మొదట గోవా, తర్వాత అరక్కోణం నుంచి మొత్తం 29 ఏళ్లు సముద్రం మీద కాపలా కాసి 2017 మార్చిలో రిటైరైంది, అదే ఏడాది డిసెంబర్లో మ్యూజియం తెరిచారు. లోపలికి ఎక్కి చూడొచ్చు.

దానికి నాలుగు ఇంజిన్లు, ఒక్కొక్కటీ 15,000 హార్స్‌పవర్‌కి దగ్గర. ఒక్కో ఇంజిన్‌కి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే ఇంకొకటి అటు. ప్రొపెల్లర్ విమానమే, కానీ జెట్లకి దగ్గరగా పోయేది. మా పాప ఐదేళ్లప్పుడు దాని కింద నిలబడి 'నాన్నా, ఇన్ని ఫ్యాన్లు ఎవరికి?' అంది. నాకు జవాబు తెలియలేదు. ఐస్‌క్రీమ్ కొనిచ్చాను.

#15 బోయినపల్లి (హైదరాబాద్)

ఆర్ఫియస్ అనగానే ఒకటి చెప్పాలి. మన ఊరి వాళ్లు ఆ శబ్దం చాలామంది విన్నారు, పేరు తెలియదంతే. కిరణ్ మార్క్-2 ట్రైనర్ విమానంలో ఉన్నది ఆర్ఫియసే. బీదర్‌లో ఉండే వైమానిక దళం విన్యాసాల బృందం సూర్యకిరణ్ 2011 వరకు ఎగరేసింది దాన్నే. దుండిగల్ పరేడ్ల రోజుల్లో తొమ్మిది విమానాలు బాణంలా వెళ్తుంటే మేడ ఎక్కి చూసేవాళ్లం, ఆ ఈల వేసినట్టుండే గోల అదే.

2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నేవీ వాళ్ల సాగర్ పవన్ బృందం కిరణ్ ఒకటి మా వైపే కూలింది. ఇద్దరు అధికారులు పోయారు. ఆ రోజు కూడా మేడ మీదే ఉన్నాను. ఆ తర్వాత చాలా కాలం మేడ ఎక్కలేదు. ఇంతకంటే రాయను.

#16 సురంజన్_రోడ్ (బెంగళూరు)

బోయినపల్లి గారూ, అర్థమైంది.

అసలు సంగతికొస్తే, 60 ఏళ్ల తర్వాత కూడా మనం అదే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నామని నా బాధ. మన సొంత ఫైటర్ తేజస్ 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. చక్కని ఒళ్లు, మన సాఫ్ట్‌వేర్. ఇంజిన్ మాత్రం అమెరికా జీఈ ఎఫ్404. మన కావేరి ఇంజిన్ అనుకున్న బలం ఇవ్వలేదని 2008లో తేజస్ నుంచి విడదీశారు. తేజస్‌లో మెరుగైన రకం మార్క్-1ఏ విమానాలు 83 కావాలని 2021లో ఆర్డర్ ఇచ్చాం. విమానాల ఒళ్లు సిద్ధంగా ఉండి ఇంజిన్ల కోసం ఎదురుచూశాయి.

#17 ఆరెక్స్_వంద (వరంగల్)

ఒక్క నిమిషం. మారుత్‌తో పోల్చకు. తేజస్‌కి ఇంజిన్ తక్కువ కాలేదు, ఆలస్యమైంది. ఎఫ్404 ఆ ఒంటికి సరిపోయే ఇంజినే. ఇల్లు కట్టుకుని గ్యాస్ కనెక్షన్ కోసం చూడటం వేరు, కట్టెల పొయ్యి మీద హోటల్ నడపడం వేరు.

#18 సురంజన్_రోడ్ (బెంగళూరు)

గ్యాస్ కంపెనీ ఎవరి చేతిలో ఉందన్నదే నా మాట.

#19 నోవై_నుంచి (మిషిగన్)

ఇంజిన్ ఎందుకంత కష్టమో ఒక్క ముక్క. టర్బైన్ బ్లేడ్ చుట్టూ ఉండే వేడికి ఆ లోహం మామూలుగా అయితే కరిగిపోతుంది. అందుకని బ్లేడ్ లోపల సన్నటి దారులు చేసి గాలి పంపిస్తారు, పైన పింగాణీ లాంటి పూత వేస్తారు, మొత్తం బ్లేడ్‌ని ఒకే స్ఫటికంగా పెంచుతారు. డ్రాయింగ్ చేతికిచ్చినా అది పోత పోయడం రాదు. వంటల పుస్తకం కొంటే అమ్మమ్మ గోంగూర పచ్చడి వస్తుందా?

#20 ఇంజిన్_ఫిట్టర్_రిటైర్డ్ (బాపట్ల)

సరిగ్గా చెప్పారు. మా దగ్గర మరమ్మతు పుస్తకాలు బీరువా నిండా ఉండేవి. బ్లేడ్ ఎలా తయారు చెయ్యాలో మాత్రం ఒక్క పేజీలోనూ ఉండేది కాదు.

#21 మ్యూనిక్_మావయ్య (జర్మనీ)

రెండేళ్లుగా చదవడమే, రాయడం ఇదే మొదలు. ఇక్కడ మ్యూనిక్ శివార్లలో ష్లైస్‌హైమ్ అని పాత ఎయిర్‌ఫీల్డ్ ఉంది, డాయిచెస్ మ్యూజియం వాళ్ల విమానాల శాల. దాంట్లో ఒక మారుత్ ఉంది! రెక్క మీద మన మువ్వన్నెల చక్రం. కుర్ట్ టాంక్ గీసిన విమానం కాబట్టి వాళ్లు తమదిగా చూసుకుంటారు. పిల్లలతో వెళ్లినప్పుడు ఎవరిదో విదేశీ విమానం అనుకుని దాటిపోయాను, ఆ గుర్తు చూసి వెనక్కొచ్చాను. ఈ శనివారం మళ్లీ వెళ్తాను. ఫిట్టర్ గారూ, మీకేమైనా ప్రత్యేకంగా ఫోటో కావాలా?

#22 ఇంజిన్_ఫిట్టర్_రిటైర్డ్ (బాపట్ల)

బాబూ, వీలైతే పక్కనున్న గాలి నోళ్లలోంచి లోపలికి తీయండి, ఫ్లాష్ వేసి. వాళ్లు ఇంజిన్ ఉంచారో తీసేశారో చూడాలనుంది. ఉంచితే బ్లేడ్ల ముందు వరస కనిపిస్తుంది.

#23 బీచ్‌రోడ్ (విశాఖపట్నం)

ఫిట్టర్ గారూ, మీ వైపే కదా కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద విమానాలు దిగే పట్టీ కట్టారు? ఒంగోలు వెళ్లేటప్పుడు కారు ఆ సిమెంటు మీదికి ఎక్కగానే మా ఆవిడ 'ఇప్పుడు మనం లేస్తామా' అంటుంది.

#24 ఇంజిన్_ఫిట్టర్_రిటైర్డ్ (బాపట్ల)

అవునండీ. 2022 డిసెంబర్లో మొదటిసారి ట్రయల్ పెట్టినప్పుడు మా అల్లుడి బండి వెనక కూర్చుని వెళ్లాను. సుఖోయ్ తక్కువ ఎత్తులో రోడ్డు మీదుగా పోయింది. పక్కన పొలంలో పొగాకు కోస్తున్న వాళ్లు నిలబడి చూశారు. అల్లుడు వీడియో తీస్తున్నాడు. నేను కళ్లు మూసుకుని ఇంజిన్ విన్నాను, రెండూ ఒకే శ్రుతిలో ఉన్నాయి.

#25 కొత్త_లైసెన్స్ (గుంటూరు)

సార్, అందరూ పెద్దవాళ్లు, అన్నీ చదివాను. నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇంజిన్ చూసి కొనాలా, బాడీ చూసి కొనాలా? ఒంగోలు కారు ఇంజిన్ కొంచెం శబ్దం చేస్తోంది, బాడీ శుభ్రం. చీరాల కారు ఇంజిన్ వెన్నలా ఉంది, కానీ తలుపుల కింద రంగు ఉబ్బింది.

#26 గాలికొడుకు (సికింద్రాబాద్)

ఇంకా అడుగుతావా తమ్ముడూ? ఇంజిన్. చీరాల.

#27 ఆటోనగర్_అన్న (విజయవాడ)

వద్దు తమ్ముడూ, ఆగు. ఒంగోలు బండి తీసుకో.

చీరాల అంటే సముద్రపు గాలి. రంగు ఉబ్బిందంటే లోపల తుప్పు తినేసింది, పైకి కనపడేది పావు వంతే. కింద చాప వేసుకుని పడుకుని, స్క్రూడ్రైవర్‌తో ఫ్లోరు గుచ్చి చూడు. లోపలికి దిగితే దండం పెట్టి వచ్చెయ్. ఒంగోలు బండిది టాపెట్ శబ్దమో, టైమింగ్ చెయినో అయి ఉంటుంది, మహా అయితే ఇంజిన్ విప్పాలి. అదీ కాకపోతే దించి ఇంకోటి ఎక్కిస్తా. తుప్పు పట్టిన ఒంటికి మాత్రం నా దగ్గర మందు లేదు. ఆదివారం షెడ్డుకి తీసుకురా, చూసిపెడతా. డబ్బులేం వద్దు, టీ తాగించు.

#28 గాలికొడుకు (సికింద్రాబాద్)

అన్నా, ఈ మాట నా థ్రెడ్‌లోనే అనాలా?